విశాఖ సముద్రంలో ఎవరు ఎవరిని తింటున్నారు? అడుగు నీరు పొంగే కాలంలో ఆహార జాలకాన్ని చదివే పద్ధతి

తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కు వెళ్ళి ఒక కానాగంతను, గుప్పెడు నూనె కవళ్ళను (సార్డీన్లు) కొనండి. కూరకు కాదు. కానాగంత నోరు వీలైనంత పెద్దగా తెరిచి వెలుతురుకేసి పట్టుకోండి. మొప్పల వంపుల మీద పొడవాటి దువ్వెన పళ్ళలాంటివి నోట్లోంచే కనబడతాయి. తర్వాత కవళ్ళలో ఒకదాని మొప్ప మూత ఎత్తి, మొదటి వంపును కత్తెరతో తీసి, నీళ్ళ పళ్ళెంలో పరిచి భూతద్దంతో చూడండి. కానాగంతకు ఆ వంపు కింది భాగంలో 30 నుంచి 46 పళ్ళుంటాయి. నూనె కవళ్ళకు 150 దాటతాయి. ఒకటి దువ్వెన, ఇంకొకటి పేలదువ్వెన. కంటికి ఆనని ఏకకణ శైవలాలైన డయాటమ్‌లు పేలదువ్వెనలో చిక్కుతాయి, దువ్వెన సందుల్లోంచి చాలావరకు జారిపోతాయి. దువ్వెనకు కోపెపాడ్‌లనే రొయ్యల బంధువులైన బుల్లి జీవులు, రొయ్యల పిల్లలు కావాలి. ఒకే నీటిలో, ఒకే వలలో పడ్డ రెండు చేపలు రెండు వేర్వేరు మెట్ల మీద భోంచేస్తున్నాయని ఇంట్లో భూతద్దంతోనే తేలిపోయింది.

కానాగంత శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కానగుర్త. అందులో రెండో మాట మనదే. విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ ఇక్కడి రెండు వందల చేపలను వర్ణించి, బొమ్మలతో సహా 1803లో లండన్‌లో అచ్చు వేయించాడు. చేపలకు ఇక్కడి జాలర్లు చెప్పిన పేర్లే రాసుకున్నాడు. ఆ పేరునే ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే లాటిన్‌లోకి తీసుకున్నాడు. కాబట్టి ఈ తీరపు చేపల్ని చదవాలంటే ముందు జాలర్ల మాట వినాలన్నది నేను కొత్తగా చెబుతున్నదేమీ కాదు.

ఈ వ్యాసం ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసేవారికి, పరిశోధన మొదలుపెట్టినవారికి, సముద్రం మీద ఆసక్తి ఉన్న ఉపాధ్యాయులకు. విశాఖ తీరాన్ని ఉదాహరణగా తీసుకున్నాను. పద్ధతి మాత్రం మలబారు తీరంలోనైనా, పెరూలోనైనా ఇదే.

ముందుగా నీరు ఎందుకు పొంగుతుందో

గాలి తీరం వెంట వీస్తే, భూభ్రమణం వల్ల పైపొర నీరు మొత్తం మీద గాలికి కుడివైపుకు జరుగుతుంది. ఇది ఉత్తరార్ధగోళం లెక్క, దక్షిణార్ధంలో ఎడమవైపుకు. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా ఉంది. నైరుతి గాలి దాని వెంటే వీస్తుంది. కుడివైపు నడిసముద్రం. తీరం దగ్గర ఖాళీ అయిన చోటును పూడ్చడానికి అడుగు నుంచి చల్లని నీరు ఎగదన్నుకుని వస్తుంది. దీన్నే అప్‌వెల్లింగ్ అంటారు. ఆ నీటిలో నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్ ఉంటాయి. ఎండ తగిలే పొరలోకి అవి చేరాయంటే పొలానికి ఎరువు పడ్డట్టే.

అయితే గాలి ఉంటే చాలదు. పైకి వచ్చే నీటిలో సరుకుండాలి. పెరూలో 1970లో కోటీ ఇరవై లక్షల టన్నులకు పైగా నెత్తళ్ళ జాతి చేపలు పట్టారు. 1972-73లో పసిఫిక్ నీరు వెచ్చబడే ఎల్‌నినో వచ్చేసరికి ఆ పట్టుబడి పాతిక లక్షల టన్నుల లోపుకు పడిపోయింది. అక్కడ గాలి ఆగిపోలేదు. వెచ్చని పైపొర మందమై, పొంగే నీరు కూడా ఆ వెచ్చని, సారం లేని పొరలోంచే వచ్చింది. దానికి ముందే వలలు మితిమీరి లాగి ఉండటం రెండో కారణం.

బంగాళాఖాతంలో ఇబ్బంది వేరే ఉంది. నదులు తెచ్చి పోసే మంచినీరు ఉప్పునీటి మీద మూతలా పరుచుకుంటుంది. కింది నీరు ఆ మూతను ఎత్తడం కష్టం. అందుకే ఇక్కడి అప్‌వెల్లింగ్ పెరూ, సోమాలియా తీరాల స్థాయిది కాదు. 1989 నైరుతి రుతుపవన కాలంలో కొలిచినప్పుడు అది తీరం నుంచి సుమారు 40 కిలోమీటర్ల పట్టీలోనే కనిపించింది. ఆ పట్టీ ఇరుకైనది కావడం మీకు మంచిదే. చిన్న పడవతో అడ్డంగా దాటి రావచ్చు.

ప్రశ్నను కుదించండి

'విశాఖ తీరపు ఆహార జాలకం' అని పేరు పెట్టి మొదలుపెట్టినవారు మూడేళ్ళ తర్వాత కూడా సీసాలు లెక్కపెడుతూనే ఉంటారు. జాలకం అంటేనే వల. ఏ ముడి పట్టుకున్నా మిగతాదంతా లాక్కొస్తుంది. అందుకని ఒక్క ముడి ఎంచుకోండి. నా సలహా: కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు. అప్‌వెల్లింగ్ తీరాల్లో కింద నీటితో పాటు కొట్టుకుపోయే చిన్న జీవులు, అంటే ప్లవకాలు, వందల జాతులుంటాయి, పైన పదుల జాతుల వేటచేపలు, పక్షులు, డాల్ఫిన్లు ఉంటాయి, నడుమ మాత్రం ఇలాంటి గుంపుచేపలు కొన్నే. కందిరీగ నడుములా మధ్యలో సన్నబడిన ఆ చోటు నుంచే శక్తంతా పైకి పోవాలి. నడుము తెగితే ఏమవుతుందో నమీబియా తీరంలో చూశారు. అక్కడ సార్డీన్లు పడిపోయాక ఆ చోటును జెల్లీచేపలు, గోబీ చేపలు ఆక్రమించాయి.

ప్రశ్న ఇలా ఉండొచ్చు: 'నీరు చల్లబడ్డ వారాల్లో కానాగంతలు తినేదానికీ, వెచ్చగా ఉన్న వారాల్లో తినేదానికీ తేడా ఉందా?' ఇది ఒక్కరు ఒక ఏడాదిలో తేల్చగలిగిన ప్రశ్న.

క్యాలెండర్ గీయండి, వేట నిషేధాన్ని మరవకండి

ఈ తీరంలో అప్‌వెల్లింగ్ గురించి తొలి పెద్ద పని 1950ల్లో ఆంధ్రా యూనివర్సిటీలో జరిగింది. అమెరికా నుంచి వచ్చిన యూజీన్ లాఫాండ్ ఇక్కడి విద్యార్థులతో కలిసి పడవల్లో తిరిగి ఉష్ణోగ్రతలు కొలిచాడు. రుతుపవనాలకు ముందు, వసంతంలోనే, నీరు పైకి వస్తుందనీ, శరత్తులో గాలి మళ్ళాక తీరం దగ్గర నీరు కిందికి దిగుతుందనీ చూపించాడు. ఫిబ్రవరి నుంచి మే దాకా తీరం వెంట ఉత్తరానికి సాగే ప్రవాహం కూడా తీరం వైపు చల్లని పొరల్ని పైకి వంచుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. మీకు అన్నిటికన్నా కావాల్సిన వారాల్లో జెట్టీ బోసిపోయి ఉంటుంది. ఇది తెలియక మార్చిలో సామాన్లు కొని ఏప్రిల్ ఆఖరుకు సిద్ధమయ్యేవాళ్ళు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. మార్గాలు రెండు. మొదటిది, ఫిబ్రవరి మధ్య నుంచే వారానికోసారి నమూనాలు తీయడం. రెండోది, నిషేధ కాలంలో ఇంజన్ లేని తెప్పల మీద, ఒడ్డు నుంచి చేతులతో లాగే అలివి వలల మీద ఆధారపడటం. సంప్రదాయ వేటకు నిషేధం వర్తించదు. కానీ అలివి వలలో పడేవి ఒడ్డు చేపలు, చిన్న చేపలు. వాటిని ట్రాల్ వలలో 40 మీటర్ల లోతున పడ్డ చేపలతో నేరుగా పోల్చకూడదు. ఏ వల, ఏ లోతు అన్నది మొదటి రోజు నుంచీ పట్టికలో ప్రత్యేక గడిగా పెట్టుకోండి.

కేరళ తీరం ఎంచుకుంటే లెక్క మారుతుంది. అక్కడ జోరు జూన్ నుంచి సెప్టెంబరు దాకా. పడమటి తీరపు నిషేధం కూడా జూన్, జూలైలలోనే వస్తుంది.

నీటిని కొలవడం

రోజూ పడవ కట్టుకుని వెళ్ళలేరు కదా. ఇంట్లో కూర్చునే మొదలుపెట్టవచ్చు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) ఉపగ్రహాల నుంచి వచ్చే సముద్రోపరితల ఉష్ణోగ్రత, పత్రహరితం వివరాలను చూసి, చేపలు దొరికే అవకాశమున్న చోట్లను జాలర్లకు తెలుగులోనూ చెబుతుంది. ఆ సూచనలను తేదీవారీగా దాచుకోండి. తీరం దగ్గరి ఉష్ణోగ్రతలోంచి అదే అక్షాంశంలో వంద కిలోమీటర్ల అవతలి ఉష్ణోగ్రతను తీసివేయండి. రుణసంఖ్య పెరుగుతూ పోతుంటే నీరు పొంగుతున్నట్టు. మబ్బు పట్టిన రోజున ఉపగ్రహానికి కళ్ళుండవు. రుతుపవన కాలంలో వారాల తరబడి ఖాళీలు వస్తాయి. పైగా పైపొర వెచ్చగా ఉండి కింద చల్లనీరు పది మీటర్ల దాకా వచ్చి ఆగిన రోజులూ ఉంటాయి. ఉపగ్రహానికి అది తెలియదు.

అందుకే నీటిలో దిగాలి. ఉష్ణోగ్రత, లవణీయత, లోతు కలిపి కొలిచే సీటీడీ పరికరం దొరికితే అదృష్టం. విశాఖలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థల ప్రాంతీయ కేంద్రాలు, విశ్వవిద్యాలయ విభాగాలు ఉన్నాయి. మీ గైడు ద్వారా ఉత్తరం రాయించి అడగండి. దొరక్కపోతే, కొలతలు నమోదు చేసుకునే చిన్న ఉష్ణోగ్రత లాగర్లను తాడుకు ఐదేసి మీటర్ల దూరంలో కట్టి, చివర బరువు వేసి దించినా పని జరుగుతుంది. ఒక్కో చోట అయిదు నిమిషాలు ఆగండి. ఒడ్డు నుంచి లోపలికి ఒకే గీతపై నాలుగు చోట్లు చాలు: 10, 20, 30, 50 మీటర్ల లోతులు. వచ్చిన అంకెలను కాగితం మీద అడ్డకోతగా గీసి, సమాన ఉష్ణోగ్రత ఉన్న బిందువులను కలపండి. గీతలు ఒడ్డు వైపు పైకి లేస్తుంటే మీరు చూస్తున్నది అప్‌వెల్లింగే.

పరికరాలకన్నా ముందే చెప్పేవాళ్ళు ఉన్నారు. ఒక మార్చిలో నేను లాగర్ తాడు దించుతుంటే పడవ నడిపే సరంగు పక్కన నుంచి, "నాలుగు రోజులైంది బాబూ, వల లాగుతుంటే చేతులు జిల్లుమంటున్నాయి" అన్నాడు. ఆ వారం ఉపగ్రహ చిత్రంలో ఏమీ లేదు. తాడు పైకి తీశాక 20 మీటర్ల దగ్గర చల్లదనం ఉంది. అప్పటి నుంచి నా నోట్‌బుక్‌లో 'సరంగు మాట' అని ఒక గడి ఉంటుంది.

ప్లవకాలు

ఒక్కో చోట ఒక లీటరు నీరు తీసి, అందులో కొంత భాగానికి లుగోల్ అయోడిన్ చుక్కలు వేయండి, పల్చని టీ రంగు వచ్చేదాకా. అది వృక్షప్లవకాల కోసం. రెండు రోజులు కదపకుండా ఉంచితే కణాలు అడుగుకు చేరతాయి. పైనీటిని గొట్టంతో మెల్లగా లాగేసి, మిగిలిన దాంట్లోంచి ఒక మిల్లీలీటరు వెయ్యి గడులుండే సెడ్జ్‌విక్ రాఫ్టర్ లెక్కింపు పలకలో పోసి లెక్కించండి. వెయ్యి గడుల్లో అన్నీ లెక్కించక్కర్లేదు. యాదృచ్ఛికంగా కొన్ని వరుసలు చాలు. మిగతా నీటిని గాజునార వడపోత కాగితంలో వడగట్టి, 90 శాతం అసిటోన్‌లో ఒక రాత్రి చీకట్లో చల్లగా ఉంచితే పత్రహరితం ఆకుపచ్చగా దిగుతుంది. దాన్ని కొలవడం ఏ జీవశాస్త్ర ప్రయోగశాలలోనైనా కుదిరే పని.

జంతుప్లవకాలకు 200 మైక్రాన్ల కన్నున్న వల కావాలి. మూతి అర మీటరు వ్యాసముంటే, 20 మీటర్ల లోతు నుంచి నిట్టనిలువుగా లాగినప్పుడు వడగట్టిన నీరు సుమారు 3.9 ఘనమీటర్లు. లాగిందంతా కలిపి 200 మిల్లీలీటర్లు చేసి, బాగా కలిపి, అందులో 2 మిల్లీలీటర్లు తీస్తే 120 కోపెపాడ్‌లు వచ్చాయనుకోండి. మొత్తం 12,000. ఘనమీటరుకు సుమారు 3,050. లెక్క ఇంతే. తేడా వచ్చేది వల లాగడంలో: ప్రవాహానికి తాడు వాలితే 20 మీటర్ల తాడు 20 మీటర్ల లోతు కాదు. తాడు కోణం చూసి రాసుకోండి, మూతి దగ్గర ప్రవాహమాపకం ఉంటే ఇంకా మంచిది. డయాటమ్‌లు విపరీతంగా పెరిగిన రోజున వల కన్నులు పూడుకుని నీరు లోపలికి పోదు. వల జిగటగా గోధుమరంగు తిరిగి వచ్చిందంటే ఆ రోజు సంఖ్యను నమ్మకండి.

ఒక మాట ముందే అనుకోవాలి. డయాటమ్‌లు కొద్ది రోజుల్లో పెరుగుతాయి. కోపెపాడ్‌లకు ఒక తరం గడవడానికి వారాలు పడుతుంది. చేప ఒంట్లో మాంసం మారడానికి నెలలు. కాబట్టి ఈరోజు నీటినీ ఈరోజు చేపనూ పక్కపక్కన పెట్టి 'సంబంధం లేదు' అని తేల్చేయకండి. నీటి కొలతలు చేపల నమూనాలకన్నా కనీసం మూడు నాలుగు వారాలు ముందు మొదలవ్వాలి.

జెట్టీ దగ్గర

సగం పని ఇక్కడే అయిపోతుంది, సగం పని చెడేదీ ఇక్కడే.

ముందు పడవను ఎంచుకోవాలి. పెద్ద ట్రాలర్లు రోజుల తరబడి సముద్రంలోనే ఉంటాయి. వాటి ఐసు గుంటలో అడుగున ఉన్న చేప చనిపోయి ఎన్నాళ్ళైందో సరంగుకు కూడా గుర్తుండదు. చేప చచ్చినా కడుపులోని ఆమ్లం, ఎంజైములు చావవు. తిన్నది అరుగుతూనే ఉంటుంది. రాత్రి వెళ్ళి ఉదయం వచ్చే ఫైబర్ పడవల చేపలే కావాలి. వేలం మొదలయ్యాక మీ మాట ఎవరూ వినరు. వేలానికి ముందే, పడవ కట్టేటప్పుడే అడగండి: వల ఎప్పుడు వేశారు, ఎప్పుడు తీశారు, ఎంత లోతు, ఏ దిక్కు, నీరు ఏ రంగులో ఉంది. చేపలకు ధర ఇచ్చే తీసుకోండి. 'చదువు కోసం' అని ఉచితంగా అడిగితే ఒకసారి ఇస్తారు, రెండోసారి నలిగిపోయినవి ఇస్తారు. అమ్మే ఆడవాళ్ళతో మంచిగా ఉండండి. "అమ్మా, ఇది ఎక్కడి చేప?" అని అడిగితే ఏ ఊరి పడవో, ఎన్నో రోజుదో చూడగానే చెప్పగలిగినవాళ్ళు వాళ్ళే.

ఒక్కో జాతికి ఒక్కో విడతలో 30 నుంచి 40 చేపలు తీసుకోండి. అన్నీ ఒకే పరిమాణంలో ఏరుకోకండి. జెట్టీ మీదే ఐసు పెట్టెలో వేసి, మూడు గంటల్లోపు కోయండి. కుదరకపోతే కడుపులోకి సిరంజితో పది శాతం ఫార్మాలిన్ ఎక్కించండి. ఫార్మాలిన్ కళ్ళకు, ఊపిరికి చెడ్డది, క్యాన్సర్ కారకం. చేతి తొడుగులు, కళ్ళద్దాలు, గాలి ఆడే చోటు తప్పనిసరి. ఫార్మాలిన్ తగిలిన చేప ఇక ఏ పిల్లికీ పెట్టకూడదు.

కోసేముందు పొడవు, బరువు. తర్వాత మలద్వారం నుంచి గొంతు దాకా కత్తెర మొనను పైకి ఎత్తి పట్టుకుని కోయండి, లేకపోతే పేగు తెగుతుంది. జీర్ణాశయాన్ని రెండు కొసల్లో దారంతో కట్టి వేరు చేయండి. అది ఎంత నిండి ఉందో సున్నా నుంచి నాలుగు దాకా ఒక అంకె వేయండి. కవళ్ళ కడుపు చిన్నగా, కండబట్టి ఉంటుంది. తెరిస్తే పచ్చటి, గోధుమరంగు ముద్ద తప్ప ఏమీ కనబడదు. నిరాశ పడకండి. గుండుసూది మొనంత ముద్దను చుక్క నీటిలో కలిపి మైక్రోస్కోప్ కింద పెడితే గాజు పెట్టెల్లాంటి డయాటమ్ గుల్లలు బయటపడతాయి. కేరళ తీరంలో నూనె కవళ్ళ కడుపులో ఫ్రాజిలేరియా అనే గొలుసు డయాటమ్ ఎక్కువగా దొరకడం 1950ల నుంచీ తెలిసిందే. కానాగంత కడుపులో కోపెపాడ్‌ల పొడవాటి మీసాలు, రొయ్య పిల్లల కళ్ళు, అప్పుడప్పుడు నెత్తళ్ళ వెన్నెముకలు ఉంటాయి. రిబ్బన్‌లా పొడవాటి వేటచేపలైన సావళ్ళ కడుపు తెరిస్తే నెత్తళ్ళు, రొయ్యలు, చిన్న సావళ్ళు కూడా కనిపిస్తాయి. వాటికి సొంత జాతిని తినే అలవాటుంది.

మోసపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. ట్రాల్ వల సంచిలో ఇరుక్కున్న సావళ్ళు పక్కనున్న నెత్తళ్ళను అక్కడే మింగేస్తాయి. గొంతులో, ఏమాత్రం అరగకుండా, పొలుసు కూడా చెదరని చేప ఉంటే అది వలలో తిన్నది, లెక్కలోంచి తీసేయండి. లోతు నుంచి వేగంగా పైకి లాగిన చేపలు కక్కుకుంటాయి. కడుపు ఖాళీగా ఉండి గోడలు సాగి వదులుగా ఉంటే అది 'తినలేదు' కాదు, 'కక్కింది'. జెల్లీచేపలు గంటల్లో కరిగి ఆనవాలు లేకుండా పోతాయి. చేపల చెవిరాళ్ళు, స్క్విడ్ల ముక్కులు మాత్రం రోజుల తరబడి మిగిలి, అసలుకన్నా ఎక్కువ తిన్నట్టు చూపిస్తాయి. చేతిలో డబ్బుంటే కడుపు ముద్దలోని డీఎన్‌ఏను చదివించవచ్చు. అది జెల్లీచేపనూ పట్టిస్తుంది, కానీ ఎంత తిన్నదో చెప్పదు. తినబడిన చేప కడుపులో ఉన్నదాన్నీ కలిపి చూపిస్తుంది.

సీసా మీద పేరు బాల్‌పెన్‌తో రాయకండి. మొదటి ఏడాది 60 సీసాలు అలా పాడు చేశాను. ఫార్మాలిన్‌లో సిరా కరిగిపోయి, ఏది మార్చిదో ఏది మేదో తెలియకుండా పోయింది. ట్రేసింగ్ కాగితం ముక్క మీద పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి. మూత మీద రాసేది రెండో కాపీ.

అంకెలు

కడుపులో ఏముందో మూడు రకాలుగా కొలుస్తారు: సంఖ్యలో ఎంత శాతం, బరువులో ఎంత శాతం, ఎంత శాతం కడుపుల్లో కనిపించింది. మొదటి రెండింటినీ కూడి మూడోదానితో గుణిస్తే సాపేక్ష ప్రాముఖ్య సూచిక వస్తుంది. ఒక ఊహా ఉదాహరణ చూడండి. ఆహారమున్న 30 కానాగంత కడుపుల్లో కోపెపాడ్‌లు సంఖ్యలో 85 శాతం, బరువులో 40 శాతం, 24 కడుపుల్లో ఉన్నాయి. సూచిక (85 + 40) × 80 = 10,000. రొయ్య పిల్లలు 14, 15 శాతాలు, సగం కడుపుల్లో: 1,450. నెత్తళ్ళు సంఖ్యలో ఒక్క శాతం, బరువులో 45 శాతం, 6 కడుపుల్లో: 920. మొత్తంలో కోపెపాడ్‌ల వాటా 81 శాతం, నెత్తళ్ళది 7 శాతం.

ఈ సూచికను చూసి 'నెత్తళ్ళు ముఖ్యం కావు' అని రాసిన ప్రాజెక్టు నివేదికలు ఎన్నో చూశాను. తిన్న బరువులో దాదాపు సగం వాటిదే! సూచిక ఒక్కటే ఎప్పుడూ ఇవ్వకండి. మూడు గడులూ పట్టికలో చూపండి. ఖాళీ కడుపుల సంఖ్య కూడా వేయండి, అదీ సమాచారమే. ఇక ఎన్ని కడుపులు చాలు అన్నదానికి: ఒక్కో కడుపూ తెరిచే కొద్దీ కొత్తగా కనబడ్డ ఆహార రకాలను గీత గీస్తూ వెళ్ళండి. గీత చదునుగా మారితే ఆపండి. ఇంకా ఎక్కుతుంటే హార్బర్‌కు మళ్ళీ వెళ్ళాలి.

నైట్రోజన్ చెప్పే నెలల చరిత్ర

కడుపు చెప్పేది నిన్నటి భోజనం. కొన్ని నెలల సంగతి కావాలంటే మాంసంలోని స్థిర ఐసోటోప్‌లను, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులను, కొలిపించాలి. తిన్నవాడి ఒంట్లో బరువైన నైట్రోజన్ నిష్పత్తి, తినబడినదానికన్నా మెట్టుకు సగటున వెయ్యికి 3.4 వంతులు పెరుగుతుంది. కార్బన్ కొద్దిగానే మారుతుంది కాబట్టి, ఆహారం మొదలు ఎక్కడిదో చూపిస్తుంది. వెన్ను దగ్గరి తెల్లని కండను గోరంత కోసి, గడ్డకట్టించి, తర్వాత 60 డిగ్రీల వద్ద రెండు రోజులు ఆరబెట్టి, మెత్తగా నూరాలి. కొలిచేది ఒక మిల్లీగ్రాము లోపే, తగరపు గుళికలో. ఫార్మాలిన్‌లో ఉన్న కండను పంపకండి. కవళ్ళలో నూనె ఎక్కువ. నూనె తీయకపోతే కార్బన్ విలువ తప్పుతుంది.

అప్‌వెల్లింగ్ తీరంలో ఈ పద్ధతికి ఒక గోతి ఉంది. పైకి వచ్చే నైట్రేట్‌కు తన సొంత ఐసోటోప్ ముద్ర ఉంటుంది. ప్రాణవాయువు తక్కువైన పొరల గుండా వచ్చిన నీటిలోనైతే అది ఇంకా మారుతుంది. అంటే నేల మట్టమే సీజన్‌తో పైకీ కిందికీ కదులుతుంది. చేప విలువ పెరిగితే అది మెట్టు ఎక్కిందా, మెట్టు కింది నేల లేచిందా? దీనికి జవాబు ఆల్చిప్పలు. అవి కదలకుండా కూర్చుని నెలల తరబడి ప్లవకాలను వడగట్టుకుంటాయి. రాళ్ళకు అంటుకున్న ఆల్చిప్పల కండను ప్రతి నెలా తీసి, దాన్ని రెండో మెట్టుగా పెట్టుకోండి. ఉదాహరణకు, ఆల్చిప్ప విలువ 6.2, సావళ్ళ విలువ 12.0 అయితే, తేడా 5.8ని 3.4తో భాగించి 2 కలపాలి: మెట్టు 3.7. వెచ్చని నెలల ఆల్చిప్పతో చల్లని నెలల చేపను లెక్కగట్టిన పేపర్‌ను సమీక్షకులు తిప్పి పంపితే వారిని తిట్టుకోకండి.

జాలకాన్ని గీయడం

ఇప్పుడు పెద్ద కాగితం తీసుకోండి. అడుగున డయాటమ్‌లు, పక్కనే బ్యాక్టీరియా, ఏకకణ జీవులు. పైన కోపెపాడ్‌లు, ఆ పైన కవళ్ళు, నెత్తళ్ళు, కానాగంతలు. ఇంకా పైన సావళ్ళు, వంజరం, సూరలు, సొరలు. బాణాలన్నీ తినబడేదాని నుంచి తినేదాని వైపు. కవళ్ళకు డయాటమ్‌ల నుంచి నేరుగా ఒక లావు బాణం, కోపెపాడ్‌ల నుంచి ఒక సన్న బాణం. బాణం మందం బరువు శాతాన్ని బట్టి వేయండి. చల్లని వారాలకు ఒక కాగితం, వెచ్చని వారాలకు ఇంకొకటి గీసి గోడకు పక్కపక్కన అంటించండి. ఏ బాణం లావెక్కిందో, ఏది మాయమైందో కంటికి తెలుస్తుంది. తెలియకపోతే ఏ సాఫ్ట్‌వేరూ తెలియజేయదు.

ఆ తర్వాతే ఎకోపాత్ అనే కంప్యూటర్ నమూనా. 1984లో జెఫ్రీ పొలోవినా హవాయి పగడపు దిబ్బల కోసం తయారు చేసిన ఈ లెక్కను విల్లీ క్రిస్టెన్సెన్, డేనియల్ పాలీ పెంచి పెద్దది చేశారు. ఉచితంగా దొరుకుతుంది. ఒక్కో జీవసమూహానికి దాని మొత్తం బరువు, ఏడాదికి ఎంత పుడుతుంది, ఎంత తింటుంది, ఎవరిని తింటుంది, మనం ఎంత పడుతున్నాం అనేవి ఇవ్వాలి. పుట్టినదానికీ పోయినదానికీ లెక్క కుదరాలి. మొదటిసారి నడిపినప్పుడు కచ్చితంగా కుదరదు. నెత్తళ్ళ దగ్గర వినియోగం 1.8 అని చూపిస్తే, పుట్టిన వాటికన్నా దాదాపు రెట్టింపు తినబడుతున్నాయని అర్థం, అది అసాధ్యం. అప్పుడు చాలామంది నెత్తళ్ళ బరువును రెట్టింపు చేసి గట్టెక్కుతారు. అలా చేయకండి. ముందు సావళ్ళ ఆహార పట్టికకు వెళ్ళండి. వలలో మింగిన నెత్తళ్ళు ఎన్ని లెక్కలోకి దూరాయో అక్కడ చూడండి.

గీసిన కాగితాన్ని ఒకరోజు హార్బర్‌కు తీసుకెళ్ళండి, వేలం ముగిసి సరంగు టీ తాగుతున్న వేళ. చేపల పేర్లు తెలుగులో రాసి ఉండాలి. నాది చూపించినప్పుడు ఆయన కాసేపు వేలితో బాణాల వెంట తిరిగి, స్క్విడ్ దగ్గర ఆగి, "దీన్ని ఎవరూ తినడం లేదా?" అన్నాడు. స్క్విడ్ నుంచి పైకి ఒక్క బాణం కూడా వేయలేదు నేను. సూరల కడుపులు నేను కోయనే లేదు. మర్నాడు ఆయన పడవలోంచే నాలుగు సూరలు కొన్నాను.